ఉమ్మెత్తో, పుట్టగొడుగో, ‘పేపరో’ తిన్న మనిషిని తెల్లవారేదాకా కాపాడుకోవడం ఎలా

దక్షిణ ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం ప్రాంతాల తెలుగు ఇళ్ళలో ఒక కుర్రవాడు రాత్రిపూట ఉన్నట్టుండి గోడతో మాట్లాడడం, అక్కడ లేని మనుషులను పేరుపెట్టి పిలవడం, చొక్కా విప్పి వీధిలోకి పరుగెత్తడం మొదలుపెడితే పెద్దవాళ్ళ నోట వచ్చే మొదటి మాట ‘గాలి సోకింది’ అని, రెండో మాట ‘ఒళ్ళు తెలియకుండా తాగాడు’ అని. ఈ రెండూ కాక మూడో కారణం ఒకటి ఉండవచ్చుననీ, అది ఉమ్మెత్త గింజలో, అడవి పుట్టగొడుగో, విశాఖ నుంచో బెంగళూరు నుంచో స్నేహితుడు తెచ్చిన గోరంత కాగితం ముక్కో కావచ్చుననీ తట్టడానికి చాలాసేపు పడుతుంది. ప్రాణం మీదికి తెచ్చే పొరపాట్లు ఆ లోపలే జరుగుతాయి.

నాలుగేళ్ళ కిందట శివరాత్రి నాడు మా వీధిలో అదే జరిగింది. పందొమ్మిదేళ్ళ కుర్రవాడు స్నేహితులతో కలిసి భంగులో ఉమ్మెత్త గింజలు నూరి కలుపుకొని తాగాడు. అడిగితే స్నేహితులు భయపడి ‘రెండు పెగ్గులు తాగాడు, అంతే’ అన్నారు. ఒకరు దిసారిని, అంటే మంత్రమూ ఆకు వైద్యమూ చేసే గిరిజన వైద్యుణ్ణి పిలిచారు, ఒకరు చింతపండు నీళ్ళు పట్టారు, మిగిలినవాళ్ళం వాణ్ణి నులక మంచానికి కట్టాము. కట్టిన చేతులలో నా చేతులు కూడా ఉన్నాయి. వాడి ఒళ్ళు పెనంలా కాలుతోందని నాకు తెలిసింది, కాని దానికి అర్థం ఏమిటో తెలియలేదు. ఆసుపత్రికి చేరేసరికి మూడు గంటలు పోయాయి. వాడు బతికాడు. ఆ మూడు గంటలలో మేము చేసిన ప్రతి పనీ తప్పేనని తరువాత డాక్టరు ఒక్కొక్కటిగా వివరించినప్పటి నుంచి, ఈ విషయాలు ప్రతి ఇంటికీ ముందే తెలిసి ఉండాలని కోరుకుంటున్నాను. అందుకే మీకు ఇది రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు వేసుకోవలసిన ప్రశ్న

మీ ఎదుట ఉన్న మనిషికి మనసు మాత్రమే భయపడుతోందా, లేక శరీరం కూడా ప్రమాదంలో ఉందా? ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి మీరు రాత్రంతా ఏమి చేయాలో తేలుతుంది.

స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో సాండోజ్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1938లో ఎల్.ఎస్.డి.ని, అంటే ఇప్పుడు ఆ కాగితం ముక్కల మీద ఇంకించి అమ్మే భ్రాంతి మందును, తయారుచేశాడు. 1943 ఏప్రిల్ 19న 250 మైక్రోగ్రాములు తానే మింగి చూశాడు. అది చాలా తక్కువ మోతాదు అని ఆయన అంచనా, కాని ఆ అంచనా పూర్తిగా తప్పింది. సహాయకురాలిని వెంటబెట్టుకొని సైకిలు మీద ఇల్లు చేరేసరికి గదిలోని సామాన్లు కదులుతున్నట్టు, పాలు తెచ్చిన పొరుగింటావిడ మంత్రగత్తెలా, తాను చనిపోతున్నట్టు అనిపించింది. డాక్టరు వచ్చి పరీక్షిస్తే కంటిపాపలు పెద్దవి కావడం తప్ప శరీరంలో తేడా ఏమీ కనిపించలేదు. ఆ రాత్రి ఆయనకు కావలసింది పక్కన నమ్మకంగా కూర్చునే మనిషి. మా వీధి కుర్రవాడికి కావలసింది అది కాదు, ఆసుపత్రి. బయటినుంచి చూస్తే ఇద్దరి ప్రవర్తనా ఒక్కలాగే ఉంటుంది. తేడా చర్మం మీద, నాడిలో, నాలుక మీద ఉంటుంది. దాన్ని చూడడం నేర్చుకోవాలి.

తిన్నది ఏమిటో తేల్చుకోండి

మత్తు అనే ఒకే మాట కింద మనం చుట్టచుట్టి పెట్టే వస్తువులు ఒకదానికొకటి పోలిక లేనివి.

ఎల్.ఎస్.డి.ని కుర్రకారు పేపర్ అనో, స్టాంప్ అనో, యాసిడ్ అనో అంటారు. బొమ్మలు అచ్చువేసిన అట్టలాంటి కాగితం మీద మందును ఇంకించి చిన్న చదరాలుగా కత్తిరించి అమ్ముతారు. ఇది మెదడులో సెరటోనిన్ అనే రసాయనం పట్టుకొనే గ్రాహకాలలో ఒకదాన్ని పట్టుకొని తొందరగా వదలదు కాబట్టి, అరగంట నుంచి గంటన్నర లోపల మొదలైన ప్రభావం 8 నుంచి 12 గంటల వరకు ఉంటుంది. మ్యాజిక్ మష్రూమ్ అనే పుట్టగొడుగులలో ఉండే సిలోసిబిన్ కూడా అదే గ్రాహకం మీద పనిచేస్తుంది, కాని 4 నుంచి 6 గంటలలో దిగిపోతుంది. రంగులు చిక్కబడడం, గోడలు ఊపిరి తీస్తున్నట్టు కనిపించడం, కాలం ఆగిపోయినట్టు అనిపించడం, ఒక్కసారిగా ఏడుపో నవ్వో తన్నుకురావడం ఈ రెంటికీ సామాన్య లక్షణాలు. ఇవి తిన్నవారిలో చాలామందికి తాము ఏదో తిన్నామనీ, కనిపిస్తున్నది దాని వల్లనేననీ లోపల ఎక్కడో తెలుస్తూనే ఉంటుంది. ఆ తెలివే మీరు పట్టుకోవలసిన కొస.

ఉమ్మెత్త సంగతి పూర్తిగా వేరు. శివపూజకు పువ్వు కోసుకొనే ఆ మొక్కలో ప్రతి భాగంలోనూ, ముఖ్యంగా గింజలలో, అట్రోపిన్, స్కోపొలమిన్, హయోసయమిన్ అనే విషాలు ఉంటాయి. ఇవి చెమటను, లాలాజలాన్ని, మూత్రాన్ని, పేగుల కదలికను ఆపేస్తాయి. చెమట ఆగిపోవడంతో ఒంటి వేడి బయటికి పోదు, గుండె పరుగులు తీస్తుంది, కంటిపాపలు విచ్చుకుపోయి దగ్గరి వస్తువులు మసకబారతాయి. ఉమ్మెత్త తిన్నవాడు గాలిలో నుంచి ఏవో ఏరుతుంటాడు, లేని బీడీ వెలిగిస్తాడు, చనిపోయిన తాతతో కూర్చొని కబుర్లు చెబుతాడు, అదంతా నిజమనే నమ్ముతాడు. తిన్నానన్న జ్ఞాపకం కూడా ఉండదు. పేగులు మందగించడం వల్ల కడుపులోని గింజల నుంచి విషం గంటల తరబడి ఊరుతూనే ఉంటుంది, అందుకే ‘కొంచెం తగ్గింది’ అనిపించిన తరువాత మళ్ళీ ఎక్కుతుంది. ఒక రోజు, రెండు రోజులు, కొందరికి అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఒక కాయలోని గింజలకూ ఇంకో కాయలోని గింజలకూ విషపు పాళ్ళు సమానంగా ఉండవు కాబట్టి, పోయినసారి ఇన్ని తింటే ఏమీ కాలేదనే లెక్కకు విలువ లేదు. ఎండుమిరప గింజలను పోలి ఉండడం వల్ల తెలియక వంటలో పడడమూ, దోచుకోవడానికి ప్రయాణికుల టీలో ఎవరో కలపడమూ మన దేశంలో పాతకాలం నుంచీ ఉన్నదే. అందువల్ల ‘మావాడు అలాంటివాడు కాదు’ అనే మాటతో ఉమ్మెత్తను కొట్టిపారేయకండి.

అడవి పుట్టగొడుగుల దగ్గర ఇంకో చిక్కు ఉంది. వానాకాలంలో మన సంతలకు గంపలలో వచ్చే పుట్టగొడుగులను తరాలుగా గుర్తుపట్టి ఏరుతున్నవారు అమ్ముతున్నారు, వాటి మాట వేరు. ఫోనులో బొమ్మ చూసి పశువుల పేడ మీదా, కుళ్ళిన మొద్దుల మీదా మొలిచిన సన్నటి గోధుమరంగు గొడుగులను భ్రాంతి కోసం ఏరుకొనేవారికి అలాంటి చూపు ఉండదు. వాటిని పోలిన జాతులలో కొన్నిటిలో అమటాక్సిన్ అనే విషం ఉంటుంది. అది ఉడికించినా పోదు, ఎండబెట్టినా పోదు. గిల్లితే నీలిరంగు తేలితే మంచిదనీ, వెండి చెంచా నల్లబడకపోతే మంచిదనీ చెప్పే గుర్తులు నమ్మదగినవి కావు. ఈ విషం తిన్న 6 గంటల తరువాతే, ఒక్కోసారి ఒక రోజు తరువాతే వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. తరువాత ఒక పూట నెమ్మదించినట్టు ఉంటుంది, ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది, సరిగ్గా అప్పుడే లోపల కాలేయం పాడవుతూ ఉంటుంది. తిన్న గంటలోపు రంగులు కనిపించాయి కాబట్టి ఇది ప్రాణాంతకమైన జాతి కాదని అనుకోవడం కూడా తప్పే, ఒక గుప్పెడులో రెండు జాతులూ ఉండవచ్చు.

ఇక కాగితం ముక్క కూడా దానిమీద చెప్పిన పేరే అయి ఉండాలని లేదు. ఎల్.ఎస్.డి. పేరుతో ఎన్‌బోమ్ అనే కుటుంబానికి చెందిన రసాయనాలు అమ్ముతారు. ఇవి రక్తనాళాలను బిగించి, ఫిట్స్ తెప్పించి ప్రాణాలు తీసిన సంఘటనలు అనేక దేశాలలో నమోదయ్యాయి. ఎల్.ఎస్.డి.కి రుచి ఉండదు. నాలుక కింద పెట్టుకున్న కాగితం చేదుగా ఉన్నా, నోరు మొద్దుబారినా వెంటనే ఉమ్మేయాలి. చేదు లేదు కాబట్టి క్షేమమని మాత్రం అనుకోకూడదు.

మరొక మాట, ఇది మన జిల్లాలకు ప్రత్యేకం. జ్వరంతో పాటు మతి తప్పితే ముందుగా అనుమానించవలసింది మలేరియాను. కోరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి అడవులలో మెదడుకు ఎక్కే ఫాల్సిపారమ్ మలేరియా ఉంది, అది కూడా ఇలాగే మాట్లాడిస్తుంది. ఆశా కార్యకర్త దగ్గర ఉండే కిట్‌తో పదిహేను, ఇరవై నిమిషాలలో రక్త పరీక్ష అవుతుంది. మత్తు మీద నింద వేసి మలేరియాను వదిలేస్తే జరిగే నష్టం తిరిగి పూడ్చలేనిది. కసింద గింజల సంగతి కూడా గుర్తుంచుకోండి. 2016లో మల్కన్‌గిరి జిల్లాలో చిన్నపిల్లలు మెదడు జబ్బు లక్షణాలతో పెద్ద సంఖ్యలో చనిపోయినప్పుడు, మెదడువాపుతో పాటు ఆ గింజల విషాన్ని కూడా నిపుణులు కారణంగా గుర్తించారు.

మొదటి గంటలో చేయవలసినవి

ముందుగా మీ చేతులతో, కళ్ళతో చూడండి. నుదురు, ఛాతీ, చంక తాకి చూడండి. చెమటతో తడిగా ఉందా, పొడిగా మండుతోందా? నాలుక తడిగా ఉందా, అట్టకట్టిందా? మణికట్టు దగ్గర నాడి పట్టుకొని గడియారం చూస్తూ నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో లెక్కపెట్టండి. పేరు పెట్టి పిలిస్తే పలుకుతున్నాడా, తాను ఎక్కడున్నాడో చెప్పగలుగుతున్నాడా చూడండి. ఇవన్నీ ఒక కాగితం మీద సమయంతో సహా రాయండి. పదిహేను నిమిషాలకొకసారి మళ్ళీ చూసి రాయండి. నోటితో గుర్తుంచుకుంటామనుకుంటారు గాని ఆ గాభరాలో ఎవరికీ ఏదీ గుర్తుండదు.

పొడిగా కాలే ఒళ్ళు, ఎండిన నాలుక, పెద్ద కంటిపాపలు, పరుగెత్తే నాడి, లేని వస్తువులను ఏరే వేళ్ళు కలిసి కనిపిస్తే అది ఉమ్మెత్త గాని, అలాంటి విషం గాని అయి ఉంటుంది. ఇక ఇంటి దగ్గర కూర్చోపెట్టి చేయగలిగింది లేదు. 108కి ఫోను చేసి బయలుదేరండి. పుట్టగొడుగు అనుమానం ఉన్నా, చిన్నపిల్లలు ఏది తిన్నా ఇంతే, లక్షణాల కోసం ఆగనక్కరలేదు.

ఒళ్ళు మామూలుగా ఉండి, పిలిస్తే పలుకుతూ, భయంతో వణుకుతున్న మనిషి అయితే మీరు చేయగలిగింది చాలా ఉంది. గదిలో ఒకరు, గుమ్మం దగ్గర ఒకరు చాలు, మిగిలినవారిని పంపించేయండి. వాడు నమ్మేవారు ఎవరో వారే లోపల కూర్చోవాలి. అది తండ్రి కాకపోవచ్చు, పిన్నో, అన్నో, స్నేహితుడో కావచ్చు, దానికి నొచ్చుకోవద్దు. ట్యూబులైటు ఆర్పి చిన్న దీపం ఉంచండి. టీవీ కట్టేయండి. బండి తాళాలు, కత్తిపీట, అగ్గిపెట్టె, పురుగుమందు డబ్బాలు తీసి దాచండి. మేడమీదికి వెళ్ళే తలుపు, పెరట్లో బావి వైపు తలుపు మూయండి. ఈ మందుల వల్ల జరిగే చావులలో మందు చేతిలో నేరుగా పోయినవి కొన్నే, ఎగరగలనని మేడ మీద నుంచి అడుగు వేయడం, రోడ్డు మధ్యలోకి నడవడం, నీటిలో దిగడం వల్ల పోయినవి మరికొన్ని.

తరువాత మాట. ‘బాబూ, నువ్వు ఒక మందు తిన్నావు. ఇప్పుడు కనిపించేది దాని వల్లే. తెల్లారేసరికి దిగిపోతుంది. నేను ఎక్కడికీ పోను’ అని నెమ్మదిగా, తక్కువ మాటలతో చెప్పండి. అదే మాటను పదిసార్లు చెప్పవలసి వస్తుంది, విసుగు లేకుండా చెప్పండి, ఎందుకంటే వాడికి కాలం నడవడం లేదు, ప్రతిసారీ అదే మొదటిసారి వింటున్నట్టు ఉంటుంది. గోడ మీద పాము ఉందంటే లేదని వాదించకండి, ఉందని ఒప్పుకోకండి కూడా. ‘నీకు కనిపిస్తోంది, నాకు కనిపించడం లేదు, అది నిన్నేమీ చేయదు’ అనండి. కళ్ళు మూసుకుంటే బొమ్మలు ఎక్కువైతే తెరిచి ఉంచమనండి. ముట్టుకొనే ముందు అడగండి. మంచినీళ్ళు గుక్కెడు గుక్కెడుగా ఇవ్వండి, తాగలేకపోతే బలవంతం వద్దు. ‘ఎందుకు తిన్నావు, ఎవరిచ్చారు, పరువు తీశావు’ అనే మాటలు ఆ రాత్రి మీ నోట రాకూడదు. అడగవలసిన రోజు తరువాత వస్తుంది. ఆ స్థితిలో విన్న తిట్టు మనసులో ఎంత లోతుకు దిగుతుందో చెప్పలేము.

ఎప్పుడు బయలుదేరాలి

మొదట నెమ్మదిగా ఉన్న మనిషి కూడా తరువాత ప్రమాదంలో పడవచ్చు, మీరు పావుగంటకొకసారి రాసుకొనే కాగితం అందుకే. కదలకుండా కూర్చున్నప్పుడు కూడా నాడి 120 దాటి తగ్గకపోతే, జ్వరం 102 డిగ్రీలు దాటితే, ఫిట్స్ వస్తే, కాళ్ళు చేతులు కొయ్యబారినా తమంతట తాము ఎగిరిపడుతున్నా, ఛాతీలో నొప్పి అన్నా, పిలిస్తే పలకకపోయినా, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోయినా, తననో ఇతరులనో గాయపరుచుకొనే ప్రయత్నం చేసినా ఒక్క క్షణం ఆలోచించవద్దు. కాగితం తిన్న పన్నెండు గంటల తరువాత కూడా మతి కుదుటపడకపోతే అదీ ఆసుపత్రి పనే.

సరిహద్దు గ్రామాలలో 108కి ఫోను చేసినప్పుడు ఏ రాష్ట్రపు టవరు అందుకుంటే ఆ రాష్ట్రపు కేంద్రానికి కాల్ పోవచ్చు. కాబట్టి మొదటి మాటగా రాష్ట్రం, జిల్లా, బ్లాకు, గ్రామం చెప్పండి, తరువాతే సంగతి చెప్పండి. దగ్గరలో ఏది ముందు చేరగలిగితే దానికే వెళ్ళండి, అది సి.హెచ్.సి. (సామాజిక ఆరోగ్య కేంద్రం) అయినా సరే. అక్కడి నుంచి బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రికో, కోరాపుట్‌లోని షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రికో, సరిహద్దు దాటి శ్రీకాకుళానికో విశాఖ కె.జి.హెచ్.కో పంపాలా అనేది డాక్టరు నిర్ణయిస్తారు. మొదటి సెలైను, మొదటి ఫిట్స్ ఇంజెక్షను దగ్గరి ఆసుపత్రిలోనే పడాలి.

దారిలో స్పృహ తక్కువగా ఉంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోదు. ఒళ్ళు కాలుతుంటే చొక్కా తీసి తడి గుడ్డతో తుడుస్తూ గాలి తగలనివ్వండి. జ్వరం బిళ్ళ వేయకండి. ఈ వేడి ఆ బిళ్ళకు తగ్గేది కాదు, పుట్టగొడుగు విషం అయి ఉంటే పారాసిటమాల్ కాలేయానికి ఇంకో దెబ్బ అవుతుంది.

చేయకూడని పనులు

మేము చేసిన తప్పులు ఇక్కడే చెప్పాలి. చింతపండు నీళ్ళు, ఉప్పు నీళ్ళు, నిమ్మరసం, మజ్జిగ పట్టి వాంతి చేయించాలని చూశాము. మతి సరిగా లేని మనిషికి పోసిన నీళ్ళు కడుపులోకన్నా ఊపిరితిత్తుల్లోకి పోయే అవకాశమే ఎక్కువ, ఉప్పు నీళ్ళు ఎక్కువైతే రక్తంలో ఉప్పు పెరిగి అదే విషమవుతుంది. మంచానికి కట్టాము. కట్టిన మనిషి విడిపించుకోవడానికి పెనుగులాడే కొద్దీ కండరాలు వేడెక్కుతాయి, చెమట రాని ఒంటిలో ఆ వేడి ఎక్కడికీ పోదు, కండరాలు చితికి మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎవరికో హాని తప్పదనుకున్నప్పుడు ఇద్దరు ముగ్గురు కొద్దిసేపు పట్టుకోవడం వేరు. బోర్లా పడుకోబెట్టి వీపు మీద కూర్చోవడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు.

దిసారుల మీద, భూతవైద్యుల మీద నాకు ద్వేషం లేదు. చాలామందికి ఆకుల గురించి మనకు తెలియనిది తెలుసు. ఉమ్మెత్త అని చెబితే వెంటనే ఆసుపత్రికి తీసుకుపొమ్మనే దిసారులూ ఉంటారు, అయితే వారికి కూడా నిజం చెప్పాలి. మిరపకాయల పొగ పెట్టడం, వేపమండలతో కొట్టడం, వాతలు పెట్టడం మాత్రం ఏ పేరుతోనూ జరగనివ్వకండి.

మందుల షాపు నుంచి నిద్రమాత్రలు తెచ్చి మింగించడం, ‘కిక్కు దిగుతుంది’ అని సారా పట్టడం, ‘నెమ్మదిస్తుంది’ అని గంజాయి తాగించడం ఒకదాని మీద ఇంకొకటి పేర్చడమే. భ్రాంతిలో ఉన్నవారికి గంజాయి భయాన్ని పెంచడం తరచుగా జరిగేదే.

డాక్టరు ఎదుట

పూర్తి నిజం చెప్పండి. ఏమి తిన్నాడు, ఎంత, ఎన్ని గంటలకు, దానితో పాటు సారా, గంజాయి, ఇంకేమైనా మాత్రలు ఉన్నాయా అన్నవి చెప్పండి. మిగిలిన గింజలు, కాగితం, గ్లాసు, వాంతి చేసుకున్న గుడ్డ తీసుకువెళ్ళండి. పుట్టగొడుగులను పాలిథిన్ సంచిలో వేస్తే కుళ్ళి గుర్తుపట్టలేకుండా పోతాయి, వార్తాపత్రికలో చుట్టండి. అదే కూర తిన్న మిగిలినవారిని కూడా, వారికి ఏమీ లేకపోయినా, వెంట తీసుకువెళ్ళండి.

ఆంధ్ర నుంచి వచ్చిన చుట్టాలకూ, ఇల్లు దాటని పెద్దవారికీ ఒడియా రాక ఈ ఘట్టంలో పొరపాట్లు జరుగుతాయి. ఉమ్మెత్తను ఒడియాలో దుదురా అంటారు. ‘సే దుదురా మంజి ఖాయిఛి’ అంటే ‘ఉమ్మెత్త గింజలు తిన్నాడు’ అని అర్థం. పుట్టగొడుగును ఛతు అంటారు. అంగన్‌వాడీలో ఇచ్చే పిండిని ఛతువా అంటారు. చివరి అక్షరం తడబడితే పిండి తిని అజీర్తి చేసిందని అనుకొనే ప్రమాదం ఉంది కాబట్టి ‘జంగల్ ఛతు’ అని చెప్పి, తెచ్చిన ముక్కను చేతిలో పెట్టి చూపించండి.

ఇవి కాక ఇంకొన్ని సంగతులు అడగకపోయినా మీరే చెప్పాలి. మన దక్షిణ ఒడిశాలో సికిల్ సెల్ జబ్బు ఎక్కువ. ఒంట్లో నీరు తగ్గినా వేడి పెరిగినా ఆ జబ్బు తెచ్చే ఒంటి నొప్పులు తిరగబెడతాయి. మానసిక జబ్బుకు లిథియం వాడుతున్నవారికి ఎల్.ఎస్.డి., సిలోసిబిన్‌లతో ఫిట్స్ వచ్చినట్టు నమోదై ఉంది. నొప్పులకని మత్తుకని వాడే ట్రమడాల్ కూడా ఫిట్స్ తెప్పించే మందే. గర్భం, గుండె జబ్బు, మూర్ఛ ఉంటే చెప్పండి.

ఆసుపత్రిలో సాధారణంగా మనిషిని నెమ్మదింపజేసే ఇంజెక్షను, సెలైను, ఒంటి వేడి తగ్గించడం, గుండె పరీక్ష, మూత్రం ఆగితే గొట్టం వేయడం చేస్తారు. ఉమ్మెత్తకు ఫైసోస్టిగ్మైన్ అనే విరుగుడు ఉంది, అది ఎప్పుడు ఇవ్వాలో ఇవ్వకూడదో డాక్టరు మాత్రమే చెప్పగలరు. దిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో రాత్రీ పగలూ డాక్టర్లకూ ప్రజలకూ సలహా ఇస్తుంది.

పోలీసు కేసు భయంతోనే చాలామంది నిజం దాస్తారు. విషం కేసును ఆసుపత్రి రిజిస్టరులో మెడికో లీగల్ కేసుగా రాయడం పద్ధతి, అది నేరం మోపడం కాదు. ఉమ్మెత్త 1985 నాటి ఎన్.డి.పి.ఎస్. చట్టం (మాదకద్రవ్యాల చట్టం) కిందికి రాదు. ఎల్.ఎస్.డి., సిలోసిబిన్ వస్తాయి. ఆ చట్టంలోనే 64ఏ సెక్షను కింద, మత్తుకు అలవాటుపడి, వాడినందుకో కొద్ది పరిమాణం దగ్గర ఉన్నందుకో కేసు ఎదుర్కొంటున్నవారు తమంతట తాము ప్రభుత్వం గుర్తించిన చోట చికిత్సకు వస్తే విచారణ నుంచి రక్షణ దొరుకుతుంది. అయితే ఎల్.ఎస్.డి.కి కొద్ది పరిమాణం అంటే 0.002 గ్రాములు, వాణిజ్య పరిమాణం 0.1 గ్రాము. వాణిజ్య పరిమాణానికి కనీస శిక్ష పదేళ్ళు. ‘ఊరికే నలుగురికి తెచ్చిపెట్టాను’ అనే కుర్రవాడికి ఈ అంకెలు తెలియవు, తెలియజెప్పండి.

‘విదేశాలలో దీన్ని మందుగా ఇస్తున్నారు కదా’ అన్నప్పుడు

ఈ మాట మీ పిల్లలు తప్పక అంటారు, కొట్టిపారేస్తే మీ మీద నమ్మకం పోతుంది. అందులో నిజం ఉంది. ఇతర చికిత్సలకు లొంగని కుంగుబాటుకు సిలోసిబిన్‌ను రాయడానికి ఆస్ట్రేలియా 2023 జులై 1 నుంచి అనుమతి పొందిన సైకియాట్రిస్టులకు వీలు కల్పించింది. అమెరికాలో మందులకు అనుమతి ఇచ్చే ఎఫ్.డి.ఎ. సంస్థ 2018లో సిలోసిబిన్ పరిశోధనను త్వరితగతిన పరిశీలించే హోదా ఇచ్చింది. అదే సంస్థ 2024 ఆగస్టులో ఎం.డి.ఎం.ఎ. అనే మరో మత్తుమందుతో చేసే చికిత్సకు అనుమతి నిరాకరించింది కూడా. ఆ పరిశోధనలలో కుటుంబంలో స్కిజోఫ్రెనియా గాని, బైపోలార్ గాని ఉన్నవారిని సాధారణంగా ముందే పక్కన పెడతారు, మందు శుద్ధత కొలుస్తారు, శిక్షణ పొందినవారు గంటల తరబడి పక్కన కూర్చుంటారు, ముందూ తరువాతా వారాల పాటు మాట్లాడతారు. జయపురం లాడ్జి గదిలో ఎవరో ఇచ్చిన కాగితానికి ఇందులో ఒక్కటి కూడా లేదు. మీ ఇంట్లో మేనమామకో పెద్దమ్మకో మతిస్థిమితం తప్పిన చరిత్ర ఉంటే, దాన్ని పెళ్ళిసంబంధాల కోసం దాచినట్టు మీ పిల్లల దగ్గర దాచకండి. ఇలాంటి కుటుంబాలవారికే ఈ మందుల తరువాత తిరిగి కుదుటపడని జబ్బు బయటపడే ప్రమాదం ఎక్కువ.

తరువాతి రోజులలో

ఎల్.ఎస్.డి. దిగిన మరునాడు నిద్రలేమి, నీరసం, దిగులు ఉంటాయి. కనీసం ఒక రోజంతా బండి నడపనివ్వకండి. ఉమ్మెత్త తరువాత కొన్ని రోజుల పాటు దగ్గరి చూపు మసకగా ఉండి చదవలేకపోవచ్చు, ఎండ భరించలేకపోవచ్చు, అది నెమ్మదిగా పోతుంది. ఆ రాత్రి ఏమి చేశాడో వాడికి గుర్తుండకపోవచ్చు. తోటివారు ఫోనులో తీసిన వీడియోలు ఉంటే చెరిపించండి. మా వీధి కుర్రవాడిని ఎక్కువగా కుంగదీసింది విషం కాదు, ఊరంతా తిరిగిన ఒక వీడియో.

కొందరికి వారాలు, నెలలు గడిచాక కూడా వెలుగు చుట్టూ వలయాలు, కదిలే వస్తువు వెనుక చారలు, చీకట్లో చుక్కలు కనిపిస్తూ ఉంటాయి. గంజాయి తాగినప్పుడు, నిద్ర తక్కువైనప్పుడు ఇవి ఎక్కువవుతాయి. పిచ్చి పట్టిందని వారు లోలోపల భయపడుతుంటారు గాని చెప్పరు, మీరే అడగండి. దీనికి పేరున్న జబ్బుగా గుర్తింపు ఉంది, చూసే డాక్టర్లు ఉన్నారు. ఎవరో తనను వెంటాడుతున్నారనడం, తనకు దేవుడి ఆజ్ఞలు వినిపిస్తున్నాయనడం, రోజుల తరబడి నిద్రపోకుండా ఉత్సాహంగా ఉండడం, చనిపోవాలని ఉందనడం వంటివి కనిపిస్తే వారం ఆగవద్దు. 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడే వీలుంది. వ్యసనం మానడానికి సహాయం కావాలంటే 14446 నంబరు ఉంది.

పుట్టగొడుగు తిన్నవారి విషయంలో ఇంకొక పని మిగిలి ఉంటుంది. వాంతులు ఆగి, అన్నం తిని, ఇంటికి వెళ్తానని మంకుపట్టు పట్టినా సరే, తిన్న రెండో రోజూ మూడో రోజూ కాలేయ పరీక్ష రక్తం ఇప్పించండి. ఆ రిపోర్టు డాక్టరు చదివి సరేననే వరకు, ఎంత బస్సు టైమైనా, ఆసుపత్రి దగ్గరే ఉండండి.